ఎదురు నూగు

మోకాలు నొప్పి అని కత్తెరమ్మ అన్నది నిజమే కానీ, మరీ అంత నిజమేమీ కాదు. కిందికి రెండు వందల పద్నాలుగు మెట్లున్నాయని గైడు చెప్పి అందరి కాళ్ళ వంకా ఒకసారి చూడగానే ఆమె చేయి తనంతట తానే మోకాలి మీదికి వెళ్ళింది. నేను పైనే కూర్చుంటానులెండి, మీరంతా వెళ్ళిరండి అంది. అని, తోడికోడలి మొహం చూసింది. ఇరవై రెండేళ్ళుగా ఇలాంటి మాటకు ఆ మనిషి దగ్గర ఒకటే జవాబు. నేనూ ఉంటానక్కా, ఒక్కదానివే ఏం చేస్తావు. ఆ జవాబు కోసమే కదా మోకాలు పట్టుకున్నది. కానీ ఈ రోజు ఆ మనిషి వంగి చెప్పుల పట్టీలు బిగించుకుని, వస్తానక్కా జాగ్రత్త అనేసి, వియ్యపురాలి వెనకే మెట్లు దిగిపోయింది. దిగడం కూడా చిన్నపిల్లలా ఎగురుతూ దిగింది, నలభై ఎనిమిదేళ్ళ మనిషి. వియ్యపురాలు నాలుగు మెట్లు దిగి మళ్ళీ ఎక్కివచ్చి, ఎండ గట్టిగానే ఉంది వదినగారూ, కాస్త దీన్ని చూస్తుంటారా అని తన కోటు విప్పి కత్తెరమ్మ ఒళ్ళో పెట్టి పోయింది. మోకాలు నొప్పి ఉన్నవాళ్ళకి ఒళ్ళు ఖాళీగానే ఉంటుంది మరి.

గంట టైముంది. గైడు లెక్క అది. పొడుగ్గా, ఎండకి కమిలిపోయిన మొహంతో ఉన్న ఆ మనిషి జేబులో ఆటుపోట్ల వేళలు రాసుకున్న చిన్న పుస్తకం ఉంది, మెడలో ఈల ఉంది. నీళ్ళు వెనక్కి పోయిన ఈ గంటలోనే కింద ఇసుక మీద నడిచి, సముద్రం తొలిచిన ఆ రాతి వంపు కింది నుంచి అవతలికి వెళ్ళి రావచ్చట, ఈల వినపడగానే తిరుగుముఖం పట్టాలట. వ్యాను వెనక నీడలో ఉంది, దాని పక్కన బెంచీ, బెంచీ ముందు కొయ్య కంచె, కంచె అవతల ఏమీ లేదు, గాలి మాత్రమే. కింద రాళ్ళ గుంటల్లో నీళ్ళు మిగిలిపోయి మెరుస్తున్నాయి. తెల్లపక్షులు కొండచరియ పగుళ్ళలో వరసగా కూర్చుని ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. వాటికేదో పేరుంది, పొద్దున వ్యానులో వియ్యపురాలు చెప్పింది. చెప్పకుండా ఎక్కడ ఉంటుంది, ముప్పై ఏళ్ళు స్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, గైడు నోరు తెరిచేలోపే పక్షి పేరు, దాని పెళ్ళాం పేరు, అది పెట్టే గుడ్ల లెక్క అన్నీ చెప్పేస్తుంది. తోడికోడలు కళ్ళింత చేసుకుని వింది. అవునా వదినగారూ, నిజమా వదినగారూ. ఇంట్లో పిచ్చుక వాలితే తల ఎత్తి చూడని మనిషి.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా. ఈ ప్రయాణం వియ్యపురాలి ఏర్పాటే. పెద్ద బస్సుల్లో మందలో మందగా వెళ్ళడం ఎందుకు, ఏడు సీట్ల వ్యాను, మనం ముగ్గురం, ఇంకో భార్యాభర్తలు, అంతే, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆపుతారు అని ఫోనులో చెప్పింది. చెప్పింది తోడికోడలికి. తోడికోడలు వచ్చి, నువ్వు కూడా రావాలక్కా అంది. కూడా అన్న ఆ ముక్క అప్పుడే గుచ్చుకుంది. వ్యాను ఎక్కేటప్పుడు వియ్యపురాలు, వదినగారికి ముందు సీటు ఇద్దాం, కాళ్ళు చాపుకోవచ్చు అంది ఎంతో మర్యాదగా. ఆ మర్యాదతో కత్తెరమ్మ గైడు పక్కన కూలబడింది, ఆ ఇద్దరూ వెనక ఒక కిటికీ దగ్గర తలలు కలిపి కూర్చున్నారు. గుసగుసలు, నవ్వులు. ఆమె వెనక్కి తిరిగితే గుసగుసలు ఆగిపోయేవి, సముద్రం ఎంత బాగుందో కదా అక్కా అనే మాట వచ్చేది. దీపస్తంభం దగ్గర ఆగినప్పుడూ అంతే. ఆ భార్యాభర్తలు ఒకరినొకరు ఫోటోలు తీసుకుంటున్నారు, గైడు ఎప్పుడో మునిగిన ఓడ కథ చెబుతున్నాడు, వీళ్ళిద్దరూ గోడ చాటున నిలబడ్డారు, ఇవాళ చెప్పేస్తాలెండి అంది తోడికోడలు, గాలి ఇటువైపే వీచింది కాబట్టి వినపడింది. ఏం చెప్పాలో కత్తెరమ్మకు ఒకరు చెప్పక్కర్లేదు. తోడికోడలి కూతురికి ఆరో నెల. అమ్మాయి కాపురం నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో, ఈ జీవశాస్త్రం ఇంట్లో. తోడికోడలి మొగుడు పోయి ఎనిమిదేళ్ళయింది, ఇక్కడ కట్టిపడేసేది ఏముంది, ఒక కుట్టుమిషను తప్ప. వెళ్ళిపోతుంది. కాన్పుకి అని వెళ్ళి, పిల్లో పిల్లవాడో నడిచేదాకా అని ఉండి, ఆ తర్వాత బడి అని, అక్కడే ఉండిపోతుంది. పన్ను పీకే ముందు డాక్టరు వాతావరణం గురించి మాట్లాడినట్టు, ఈ కొండలూ పక్షులూ అందుకే చూపిస్తున్నారు.

పోతే పోనీ అనుకుంది కత్తెరమ్మ. అనుకోగానే తమ కుట్టుపని కొట్టు కళ్ళ ముందుకొచ్చింది. తాళాలు చేసేవాడి కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుకు గది అది, మూడు మూరల వెడల్పు బల్ల ఒకటి పట్టించేసరికి గోడలు కోప్పడ్డట్టుండేవి. బల్లకి ఇటు ఆమె నిలబడి కత్తిరిస్తుంది, అటు తోడికోడలు కూర్చుని కుడుతుంది. ఆమెను కత్తెరమ్మ అనీ, ఆ మనిషిని సూదమ్మ అనీ పేర్లు పెట్టింది వీధిలోవాళ్ళే. ఇద్దరి మధ్యా పెద్దగా మాటలుండవు, సుద్దగీతలే మాటలు. ఒక గీత అడ్డంగా పోతే ఇక్కడ వదులు ఉంచు అని, రెండు గీతలైతే ఈవిడ కూర్చుంటే నడుము పెరుగుతుంది చూసుకో అని. మూడో మనిషికి అర్థం కాదు. అమ్మాయి ఆ బల్ల కిందే పెరిగింది, గుడ్డపీలికల మీద పడుకుని, కత్తెర చప్పుడు ఆగిపోతే నిద్రలేచి పెద్దమ్మా అని పిలిచేది. అమ్మా అని కాదు, పెద్దమ్మా అనే. కత్తెరమ్మకు పిల్లల్లేరు, ఉన్నట్టే ఉండేది. పెళ్ళిబట్టలు తనే కత్తిరించింది, ఒక్కో ముక్కా మూడుసార్లు కొలిచానని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ పిల్ల ఫోను చేస్తే మాటకు ముందు అత్తమ్మ, మాటకు వెనక అత్తమ్మ. అత్తమ్మ ఈ చెట్టు పేరు చెప్పింది, అత్తమ్మ ఈ పుస్తకం ఇచ్చింది. మంచిదే, అత్తతో అలా ఉండటం మంచిదే, లోకంలో ఎంతమందికి దొరుకుతుంది అని పైకి అని, ఫోను పెట్టేశాక గిన్నెలన్నీ రెండోసారి తోముతుంది.

ఆ వియ్యపురాలు ఇంట్లోకి వచ్చి అమ్మాయిని పట్టుకుపోయింది. సరే, పెళ్ళంటే అంతే. ఇప్పుడు తల్లిని కూడా. ఏకు మేకైపోవడమంటే ఇదేగా. ఒళ్ళో కోటు బరువుగా, వెచ్చగా ఉంది, వియ్యపురాలి ఒంటి వేడి ఇంకా పోలేదు. నీలానికీ బూడిదరంగుకీ మధ్య రంగు, మంచి ఉన్ని, కొన్న దుకాణం గొప్పదే అయ్యుంటుంది. కొన్నవాళ్ళ మీద ఎంత కుళ్ళున్నా గుడ్డ మీద కోపం ఎందుకు, చేతులు ఊరుకోవు కదా, అంచు తిప్పి చూసింది. చూసి, ఆగిపోయింది. పైకి కనిపించకుండా లోపలి అంచు పట్టే కుట్టు. ఏడు కుట్లకి ఒకసారి కొంచెం వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకు వస్తుంది. ఏ మిషనూ అలా కుట్టదు, లోకంలో ఇంకే చెయ్యీ అలా కుట్టదు. ఎన్ని వేల గౌన్ల మీద, ఎన్ని ప్యాంట్ల మీద చూసింది దాన్ని. అది తోడికోడలి చేతిరాత. ఈ కోటు కుట్టింది తోడికోడలు.

కుడితే కుట్టింది, వియ్యపురాలికి కోటు పెడితే నేను వద్దంటానా, నన్ను అడిగితే నేనే కత్తిరించి ఇచ్చేదాన్ని కదా, అనుకుంటుండగానే అసలు సంగతి తట్టింది. మరి కత్తిరించింది ఎవరు? బయటివాళ్ళ చేత కత్తిరించిందా? కత్తెరమ్మ కోటును పూర్తిగా లోపలికి తిప్పేసి, బెంచీ మీద పరిచి, చంకలు చూసింది, భుజం వాలు చూసింది, కాలరు వెనక గుడ్డ ఎంత వదిలారో చూసింది. బయటివాళ్ళు కాదు. భుజం దగ్గర గోరంత ఎక్కువ వదలడం తన పద్ధతి, ఏ గురువూ నేర్పలేదు, తనే కనిపెట్టుకుంది. జేబు కొంచెం ఏటవాలుగా పెట్టడం తన పద్ధతి. ఇదంతా తన కత్తిరింపే, తను కత్తిరించలేదు, అంతే తేడా. అప్పుడు గుర్తొచ్చాయి, చలికాలం పొడుగునా సోమవారాలు బల్ల మీద కనిపించిన సుద్దమరకలు. శనివారం తుడవడం మరిచిపోయానేమో, వయసు మీద పడుతోంది అనుకుని తన్ను తనే తిట్టుకుంది ఎన్నిసార్లో. మారు తాళంచెవి తోడికోడలి దగ్గరే ఉంటుంది. ఆదివారాలు వచ్చిందన్నమాట. ఒంటరిగా వచ్చి, షట్టరు సగం దించుకుని, ఇటువైపు, తను నిలబడే చోట నిలబడి, తన కత్తెర పట్టుకుంది. ఇరవై రెండేళ్ళు, కత్తెరంటే భయం అక్కా నాకు, అదంతా నీ పనే అని చెప్పిన మనిషి.

పెట్టెలో వేరేవాళ్ళు రాసిన ప్రేమలేఖ దొరికినట్టే ఉంది ఆమెకి. మొగుడి జేబులో దొరికినా ఇంత బాధ ఉండేది కాదేమో, ఆయన సంగతి వేరు, పోస్టాఫీసు నుంచి రిటైరై పేపర్లో పదాల గళ్ళు నింపుకునే ఆయనకి ఎవరు రాస్తారు. కానీ ఇది. ఆవిడ కోసం. నా కోసం ఒక్క జేబురుమాలు కత్తిరించిందా? కింద రాతి వంపు దగ్గర రంగు చుక్కలు కదులుతున్నాయి. ఎర్రది ఫోటోల భార్య. దగ్గరదగ్గరగా, ఒకదాని నీడ ఒకటి తొక్కుతూ వెళ్తున్న రెండూ వాళ్ళే. ఒక చుక్క గుంట దగ్గర వంగింది, రెండోదీ వంగింది. ఏదో నత్తకి పేరు చెబుతూ ఉంటుంది. ఆ రెండు చుక్కల్నీ చూడలేక ఆమె మళ్ళీ కోటు వైపు తిరిగి, పైకి తిప్పి, ఊరికే అలవాటుగా భుజం నుంచి కిందికి అరచేత్తో నిమిరింది. చెయ్యి గరగరలాడింది.

మళ్ళీ నిమిరింది. గరగర. కింది నుంచి పైకి నిమిరితే మెత్తగా జారింది. ఉన్ని గుడ్డకి నూగు ఉంటుంది, పిల్లి వీపు లాంటిదే, ఒకవైపే వాలుతుంది. తొడుక్కున్నప్పుడు అది పైనుంచి కిందికి వాలాలి. ఈ కోటుకి కింది నుంచి పైకి వాలింది. ఎదురు నూగు. ఎండకి ఎత్తి పట్టి చూస్తే తెలుస్తుంది, రంగు ఒక పాలు చిక్కబడి కనిపిస్తుంది, రెండేళ్ళు తొడిగితే మోచేతుల దగ్గర ఉండలు కడుతుంది. కత్తెరమ్మకి నవ్వొచ్చింది. ఎలా జరిగిందో కూడా కళ్ళకి కట్టినట్టు కనిపించింది. తను నూగు తన పొట్టవైపు వాలేలా గుడ్డ పరుస్తుంది, బట్ట కింది అంచులు కూడా తనవైపే వచ్చేలా కాగితం అచ్చులు పెడుతుంది. తోడికోడలు ఎదురుగా కూర్చుని చూసి నేర్చుకుంది కదా, ఆమె కంటికి నూగు అవతలికి వాలినట్టే కనిపిస్తుంది. గుడ్డ మాత్రం చూసినట్టే పరిచింది, అచ్చులు తన వాటానికి, అంచులు తనవైపు పెట్టుకుంది. అంతా వచ్చేసిందనుకుంది, పాపం. ఎదురు బల్ల నుంచి నేర్చుకున్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు ఈ తప్పు.

ఎంత హాయిగా అనిపించిందంటే మోకాలు నొప్పి కూడా పోయింది. ఇంక మాట తయారుచేసుకోవడమే మిగిలింది. ఇక్కడ కాదు, వ్యానులో, అందరూ ఎక్కాక అనాలి. కోటు చాలా బాగుంది వదినగారూ అనాలి ముందు, తేనె పూసినట్టు. ఎవరు కత్తిరించారో గానీ నూగు మాత్రం తలకిందులుగా పెట్టారు, ఎవరో కొత్తగా నేర్చుకున్నవాళ్ళనుకుంటా, ఇలాంటివాళ్ళకి మంచి గుడ్డ ఇవ్వకూడదు. అంతే, ఇంకేమీ అనక్కర్లేదు. ఆవిడకి తెలియాలి, జీవశాస్త్రం కాని శాస్త్రాలు కూడా లోకంలో ఉన్నాయని. ఇక ఈ మనిషికి మొహం ఎలా మాడిపోతుందో చూడాలి. అలా మాడిన మొహం ఒకసారి చూసింది. తోడికోడలు కాపురానికి వచ్చిన మొదటి వారం, సాయం చేద్దామని ఎవరిదో ఖరీదైన గుడ్డని తనంతట తాను కత్తిరించింది ఆ పిల్ల, చంక దగ్గర పాడైపోయింది. అప్పుడు అత్తగారు చాలా అంది. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత ఉందిగా, కత్తెరమ్మ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. ఇంకెప్పుడూ కత్తెర ముట్టుకోకు అంది, అందరి ముందూ. ఆ పిల్ల మాడిన మొహంతో కత్తెరని బల్ల మీద పెట్టి, సరే అక్కా అంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఇరవై రెండేళ్ళు ముట్టుకోలేదు. భయమని అందరికీ చెప్పుకుంటూ వచ్చింది, ఎంతగా అంటే కత్తెరమ్మ కూడా అదే నమ్మేసింది.

ఈల మోగింది. నీళ్ళు ఎప్పుడు తిరిగొచ్చాయో, ఇందాక ఇసుక ఉన్నచోట తెల్లటి నురగ పలకలు పలకలుగా కదులుతోంది. రంగు చుక్కలు మెట్లవైపు వచ్చి కొండచరియ కింద మాయమయ్యాయి. కత్తెరమ్మ కోటును సర్దుదామనుకుని సర్దలేదు, చేతుల లోపలి భాగం ఇంకా బయటికి ఉండగానే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చూస్తే చూడనీ. ముందుగా పైకి వచ్చింది తోడికోడలే, ఒక్కతే, రొప్పుతూ, పాదాలకి ఇసుక అంటుకుని. మొహం ఎండకి ఎర్రబడి, ఏళ్ళ తరబడి చూడనంత తేటగా ఉంది. చెప్పడానికే ముందు వచ్చినట్టుంది. నోరు తెరిచేలోపే కళ్ళు కోటు మీద పడ్డాయి.

"చూశావా," అంది.

"చూశాను."

"నూగు ఎదురొచ్చింది కదా."

తయారుచేసి పెట్టుకున్న మాటంతా కత్తెరమ్మ నోట్లోనే పులిసిపోయింది. తెలుసన్నమాట. కుట్టడం అయిపోయి ఇస్త్రీ చేస్తుంటే తెలిసిందని, ఆ రోజు షట్టరు మొత్తం దించేసుకుని ఏడ్చానని, విప్పి పారేద్దామనుకుంటే ఈలోపే ఆవిడ తొడుక్కుని చూసి మురిసిపోయిందని చెప్పింది తోడికోడలు, బెంచీ చివర కూర్చుని, పాదాల ఇసుక దులుపుకుంటూ. ఎక్కడ తప్పిందో నిన్ను అడుగుదామనుకున్నాను, అడిగితే కత్తెర పట్టానని తెలిసిపోతుంది కదా అంది. తర్వాత దులపడం ఆపి మిగతాది కూడా చెప్పేసింది. నెలాఖరుకి వెళ్దామనుకుంటోంది. వియ్యపురాలి ఇంటి కింద వీధివైపు గది ఒకటి ఖాళీగా ఉందట. చిన్న బల్ల, ఒక మిషను పడతాయట. తనే కత్తిరించుకుని తనే కుట్టుకుంటుందట, చిన్నపిల్లల బట్టలతో మొదలుపెట్టి.

"నువ్వు వద్దంటే మానేస్తానక్కా."

కత్తెరమ్మ ఆలోచించలేదు. పొద్దున్నుంచి, కాదు, అమ్మాయి పెళ్ళి రోజు నుంచి నాలుక చివర కూర్చున్న మాట అది.

"వద్దు," అంది.

"సరే," అంది తోడికోడలు.

అంతే. వాదించలేదు, ఏడవలేదు. కోటును మెల్లగా ఒళ్ళోంచి తీసుకుని, దాని చేతులు పైకి తిప్పి, మడత పెడుతూ, సోమవారం స్కూలు వాళ్ళ స్కర్టులు ముప్పై ఉన్నాయి, అంచులు ముందు పట్టేస్తే మంచిదేమో అంది. మొహంలో ఇందాకటి తేట లేదు. అది పోవడం కత్తెరమ్మ కళ్ళారా చూసింది. గెలిచింది. మనిషి మిగిలింది, మిషను మిగిలింది, సోమవారం మిగిలింది. ఎదురు బల్ల దగ్గర ఇంక జీవితమంతా ఈ మొహం కూర్చుని ఉంటుంది. ఈ సరేని ఆమె ఇన్నాళ్ళూ ప్రేమ అనుకుంది, కొంత ప్రేమే కావచ్చు కూడా, కానీ నాకిది కావాలి అని ఈ మనిషి తన దగ్గర ఎప్పుడైనా నోరు విప్పిందా? ఏడాది పరిచయం లేని ఆవిడ దగ్గర విప్పింది. దీపస్తంభం గోడ చాటున, వ్యాను కిటికీ దగ్గర, కింద నీళ్ళ గుంటల దగ్గర, అన్నీ చెప్పుకుంది. ఆవిడకి దక్కిందీ, తనకి దక్కనిదీ కోటు కాదు. అది తెలిశాక కుళ్ళు ఇంకా పెరిగింది, తగ్గలేదు.

"సరే అంటావేంటే," అంది. "ఆవిడకి చెప్పుకున్నావుగా ఏం కావాలో. నాకూ చెప్పు. ఒక్కసారి నా మాట కాదను, చూస్తాను."

తోడికోడలు మడత ఆపింది. మెట్ల మీద నుంచి వియ్యపురాలి గొంతు దగ్గరవుతోంది, గైడుకి ఏదో నత్త గురించి పాఠం చెబుతోంది, మధ్యమధ్య ఆయాసపడుతోంది. తోడికోడలు అటు చూడలేదు. కత్తెరమ్మ కళ్ళలోకే చూసింది, బల్లకి అటువైపు నుంచి ఎప్పుడూ చూడని చూపు.

"వెళ్తానక్కా," అంది. "నువ్వు వద్దన్నా వెళ్తాను."

అడిగి మరీ చెప్పించుకున్న మాట. కత్తెరమ్మ కంచె కొయ్య పట్టుకుని, అలవాటు కొద్దీ ఆగి చూసింది, వెనకాలే ఇంకో మాట వస్తుందేమోనని, అయినా నీ ఇష్టమేలే అక్కా అంటుందేమోనని. తోడికోడలు మడత పూర్తిచేసి, కోటును చంకన పెట్టుకుని మెట్ల వైపు నడిచింది.